బిందెలో కనిపించిన పొట్ట

“వెన్నెలా, ఓ వెన్నెలా, మేతకొచ్చావా, ఎండ కాచుకోడానికొచ్చావా?”

గాడి దగ్గర నుంచి నీలాలు పిలిచింది. నీలాలు ముసలి గేదె. ఆ పాకలో అందరికీ పెద్దమ్మ.

తెల్లపెయ్య వెన్నెల తన ముందున్న పచ్చిగడ్డి ముట్టకుండా, కనిపించని గాలిని చూస్తున్నట్టు నిలబడింది. కాళ్ళు సన్నగా వణుకుతున్నాయి. నిన్న వాగు దాటుతూ మోకాళ్ళ మీద పడింది. మళ్ళీ పడితే నీళ్ళు ఊరుకోవు, లాక్కుపోతాయి.

“దానికి ఆకలి లేదట పెద్దమ్మా,” అంది మేక సిలకమ్మ, వెన్నెల గడ్డిలోంచి ఓ కట్ట లాక్కుంటూ. “లేడిపిల్లలా నాజూగ్గా తయారవుతోంది.”

“లేడిలా ఉండమని ఎవరు చెప్పారే?”

“ఎవరూ చెప్పలేదు,” అంది వెన్నెల. “బావిగట్టు మీది బిందెలో చూసుకున్నా. సిలకమ్మక్క చూపించింది. పీపాలా ఉన్నాను.”

నీలాలు నెమరు ఆపింది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు, అనుకుంది సిలకమ్మ నోట్లోని గడ్డికట్ట చూసి.

సాయంత్రం నీళ్ళకు విప్పారు. బావిగట్టు మీద తోమిపెట్టిన ఇత్తడి బిందె, సూర్యుణ్ణి కాసేపు దాచుకున్నట్టు మెరుస్తోంది.

“నువ్వోసారి నిలబడవే సిలకమ్మా. నాజూకంటే ఏంటో పిల్ల చూస్తుంది,” అంది నీలాలు.

పొగిడితే పొంగనిదెవరు? సిలకమ్మ గడ్డం ఆడించుకుంటూ బిందెకు పక్కగా నిలబడింది. బిందెలో చిన్న తల, పుల్లల్లాంటి కాళ్ళు, మధ్యలో ఊరంత పొట్ట.

“అబ్బే, ఇది నేను కాదు,” అంది చిరాగ్గా. “బిందె చూపించే పొట్ట ఇది. చీమ నిలబడినా ఇంతే కనిపిస్తుంది.”

అనేశాక నాలుక కరుచుకుంది.

“ఆ సంగతి నీకు ముందే తెలుసన్నమాట,” అంది నీలాలు.

సిలకమ్మ నీళ్ళు కూడా తాగకుండా పాక అవతలి మూలకు పోయింది.

వెన్నెల మాత్రం పాకకు తిరిగొచ్చాక కూడా గడ్డి ముందు అలాగే నిలబడింది. “తెలిసింది పెద్దమ్మా. అయినా మేత చూస్తే ఆ బిందే గుర్తొస్తోంది.”

“అయితే చూడకు. కళ్ళు మూసుకో. ఒక్క పరక చాలు. మనది నెమరేసే జాతి, మనకు తొందరేంటి? నమిలేటప్పుడు నమలడమే పని. బిందె గుర్తొస్తుంది, రానీ. దాంతో పోట్లాడకు. మళ్ళీ నోట్లో పరక దగ్గరికి వచ్చెయ్.”

వెన్నెల ఓ పరక అందుకుంది. ముందు పచ్చివాసన. తర్వాత సన్నటి తీపి. బిందె వచ్చింది, కాసేపుంది, పోయింది. మళ్ళీ తీపి. ఎక్కడో లోపల, వాగు అడుగున గులకరాయి దొర్లినట్టు ఏదో కదిలింది.

“కడుపు మాట కడుపునే అడగాలి, కంటిని కాదు,” అంది నీలాలు. “ఏమంటోందే?”

వెన్నెల కళ్ళు తెరవలేదు.

“ఆకలేస్తోంది పెద్దమ్మా,” అంది. “మొదట్నుంచీ వేస్తూనే ఉంది. లేదని అబద్ధం చెప్పాను.”