దీవి నుంచి వచ్చిన ఈకలు

తుంగమడుగులో పోలమ్మ అనే ఎర్రకాళ్ల కొంగకు అన్యాయం జరిగింది. వానలు మొహం చాటేసిన మూడో ఏట, చైత్రమాసంలో జరిగింది. చేసింది పగవాళ్లు కాదు, తోడబుట్టిన అక్క. అందుకే చెబుతున్నాను, వినండర్రా.

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ తుంగమడుగు. కొండవాగు నుంచి ఒక సన్నటి కాలువ వచ్చి ఆ మడుగును నింపేది. కాలువకు ఒక కావలి ఉండాలి. పూడిక తీయాలన్నా, వరదొస్తే మూతి కట్టాలన్నా ఆ కావలిదే పని. మూడేళ్లకోసారి జంతువులన్నీ చేరి కావలిని ఎన్నుకునేవి. మడుగులో ఉన్నవాళ్లు తలా ఒక తుంగపుల్ల వేస్తారు. పరదేశం పోయిన పక్షులు తలా ఒక ఈక పంపుతాయి. పుల్లకు ఎంత విలువో ఈకకూ అంతే.

పోలమ్మ అక్క మాణిక్యం సముద్రం అవతల ఒక దీవిలో ఉండేది. పదేళ్ల కిందట వరదొచ్చి ఆమె గుడ్లన్నీ కొట్టుకుపోయాయి. ఆ దుఃఖంతోనే ఎగిరిపోయింది. దీవిలో చేపలకు కొదవ లేదు. కడుపు నిండింది. కడుపు నిండాక మనసు మడుగు మీదికి మళ్లింది. పొద్దు వాలే వేళకు దీవి కొంగలన్నీ ఒక బండ మీద చేరేవి. మడుగులో ఎవడు మంచివాడు, ఎవడు దొంగ అని గొంతులు పోయేలా వాదించుకునేవి. అందరిలోకీ పెద్ద గొంతు మాణిక్యానిదే.

కబుర్లు మోసేది బంగారయ్య అనే ఉల్లంకి పిట్ట. వాడికి ఒక కిటుకు తెలుసు. కొంగలకు నచ్చిన కబురు చెబితే చేప దొరుకుతుంది. నచ్చనిది చెబితే ముక్కుపోటు దొరుకుతుంది. ఇక వాడు ఏం చెబుతాడో వేరే చెప్పాలా?

ఆ ఏడు కావలి పనికి ఇద్దరు నిలబడ్డారు. ఒకటి పాత కావలి నీటికుక్క. రెండోది వరాలయ్య అనే అడవిపంది.

"వరాలయ్య గెలిస్తే కాలువ మూతి పూడ్చేస్తాడట! ఇక జన్మలో వరద రాదట!" అన్నాడు బంగారయ్య.

మాణిక్యానికి కళ్లనీళ్లు తిరిగాయి. "పదేళ్లుగా ఈ మాట కోసమే చూస్తున్నాను. మొగాడంటే వాడు!" అని వాడి ముందు ఒక పెద్ద చేప పడేసింది.

ఆ సంగతి పోలమ్మకు తెలిసింది. దీవికి పోతున్న ఒక ముసలి బాతుతో కబురు పంపింది. "అక్కా, వరద మాట దేవుడెరుగు. ఇక్కడ రెండేళ్లుగా వాన లేదు. నీళ్లు నా మోకాలి కిందికి దిగాయి. ఆ కాలువే మాకు ప్రాణం."

"నా గుడ్లు పోయిననాటికి దీనికి రెక్కలైనా సరిగా రాలేదు. ఇది నాకు నీళ్ల సంగతి చెబుతోందా!" అంది మాణిక్యం.

బాతు పోలమ్మ కబురుతో మళ్లీ వచ్చింది. "అక్కా, మడుగు ఎండితే పందికే లాభం. బురద తేలితే తుంగగడ్డలు తవ్వుకు తినొచ్చు. ఆ మాట అన్నందుకు నీటికోడి గూటిని తొక్కేశాడు."

"బంగారయ్య ఆ ముక్క చెప్పలేదే? నీటికుక్క పెట్టిన ఎంగిలి చేపలు తిని మాట్లాడుతోంది మా చెల్లెలు" అంది మాణిక్యం. బండ మీది కొంగలన్నీ పకపకా నవ్వాయి.

మూడోసారి బాతు ఆయాసపడుతూ వచ్చి వాలింది. "అమ్మా, నీ చెల్లెలికి మూడు పిల్లలు పుట్టాయి. వాదించే ఓపిక లేదంది. ఒక్కటే అడగమంది. 'అక్కా, మడుగు ఎండితే దాహం మాకు, నీకు కాదు. ఈ ఒక్కసారికి ఈక పంపకు' అంది."

మాణిక్యం మెడ నిక్కించింది. "నేను పుట్టిన మడుగు మీద నాకు హక్కు లేదనడానికి అదెవరట?" అంది. రెక్కలోంచి అన్నిటికన్నా అందమైన గులాబీ ఈక పీకింది. ఆమెను చూసి మిగతావాళ్లూ పీకారు. మూడు వందల ఈకలు మోసుకుని బంగారయ్య, వాడి బలగం మడుగుకు పోయారు.

పుల్లలు నీటికుక్కకే ఎక్కువ పడ్డాయి. ఈకలు కలిపి లెక్కపెట్టేసరికి వరాలయ్య గెలిచాడు. గెలిచిన రోజే ముట్టెతో మట్టి తోసి కాలువ మూతి పూడ్చేశాడు. ఎవరూ తవ్వకుండా తన మందను కాపలా పెట్టాడు. ఆడిన మాట తప్పలేదు మరి.

దీవిలో పండగ చేసుకున్నారు. మాణిక్యం ఆగలేకపోయింది. తన మడుగును కళ్లారా చూసుకుందామని బయల్దేరింది. పదేళ్లలో అదే మొదటిసారి.

మడుగు కనబడలేదు. పైన రెండు చుట్లు తిరిగాక గాని, కింద నెర్రెలు విచ్చిన ఆ నల్లమట్టే మడుగని తెలియలేదు. నట్టనడుమ వరాలయ్య పిల్లాజెల్లాతో గడ్డలు తవ్వుకు తింటున్నాడు. ఆమెను చూసి తలెత్తాడు.

"రా తల్లీ, రా! ఇదంతా మీ దీవి వాళ్ల చలవే! వరద భయం తీరిందా లేదా?"

మాణిక్యం చెల్లెలి గూటివైపు ఎగిరింది.

గూట్లో పోలమ్మ రెక్కలు చాచి, పిల్లల మీద ఎండ పడకుండా నిలబడి ఉంది. రెండు పిల్లలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. మూడోది కదలడం లేదు.

"చెల్లీ, నేను మన మంచికే అనుకుని..."

"ఈక పంపావు కదక్కా" అంది పోలమ్మ. గొంతు పెంచలేదు. "ఇప్పుడు గుక్కెడు నీళ్లు పంపు."

మాణిక్యం తాబేలు తాత దగ్గరికి పరుగెత్తింది. మడుగు లెక్కలన్నీ బండ మీద గోటితో గీసేది ఆయనే.

"తాతా, నా ఈక నాకిచ్చెయ్! వెనక్కి తీసుకుంటాను!"

"మూడేళ్లు ఆగాలమ్మా" అన్నాడు తాత. "నువ్వు ఆగగలవులే. నీకు దీవి ఉంది."

ఆ మాటతో మాణిక్యం కొండవాగుకు ఎగిరింది. పోయి రావడానికి ఒక పూట పడుతుంది. గొంతులో నీళ్లు పట్టుకుని, మింగకుండా తెచ్చి పిల్లల నోట్లో పోసింది. సగం నీళ్లు దారిలోనే పోయేవి. ఆమె గొంతు ఎండి పుండు పడింది. అయినా మూడు రోజులు మోసింది.

నాలుగో రోజు వచ్చేసరికి పోలమ్మ రెక్కలు ముడుచుకుని కూర్చుంది. నీడ కావలసినవాళ్లు గూట్లో ఎవరూ లేరు.

మాణిక్యం నోట్లో నీళ్లతో అలాగే నిలబడిపోయింది.

ఆ సాయంత్రం తాబేలు తాత బండ మీద ఇలా గీశాడు: కాలువ మూసిన ఏడు, వైశాఖ బహుళ షష్ఠి. ఇవాళ్టికి దాహంతో పోయిన పిల్లలు రెండు వందల పదిహేడు.

నీతి: ఎంత దూరాన ఉన్నా పుట్టినచోటు మీద ప్రేమ తప్పు కాదు, కానీ తీర్పు నీదై శిక్ష ఇంకొకరిదైతే, ముందు వాళ్ల మాట విను.