అసిరమ్మ పిడికిలి

అనగనగా, రేవుల్లో ఇంకా దీపస్తంభాలు లేని రోజుల్లో, కళింగపు ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో అసిరమ్మ అని మరమరాలమ్ముకునే మనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు. ఉన్నదల్లా ఒక గంప, కొలిచే తవ్వ ఒకటి, చివరి వీధి దాకా వినిపించే గొంతు.

ఒకనాడు దీవుల నుంచి వచ్చిన పడవ సరంగు రేవులో నిలబడి కబురు చెప్పాడు.

"సముద్రం అవతల ఓ చిన్న దీవుంది. అక్కడి సంతలో చిన్న చిన్న అమ్మకందార్లు చితికిపోతున్నారు. అమ్మకం తెలిసినోళ్ళు వచ్చి సాయం చెయ్యమంటున్నారు. కూలివ్వలేరు, కూడు పెడతారు."

నూనె వర్తకుడు నవ్వాడు. బట్టల వర్తకుడు "నాకేటి లాభం?" అన్నాడు. బెల్లం వర్తకుడు మాట పూర్తికాకుండానే ఇంటికెళ్ళిపోయాడు. అసిరమ్మ గంప దించింది.

"నానొస్తాను బాబూ."

"ఓలమ్మా! ఊరుకాని ఊరు, నీకేటి పట్టిందే?" అన్నారంతా.

"ఇక్కడ నా గంప కాళీ అయితే సంబరపడ్డానికి ఇంట్లో ఎవులున్నారు? అక్కడ ఎవులో ఒకరుంటారు కదేటి" అంది.

కొన్నాళ్ళు నీళ్ళు, కొన్నాళ్ళు గాలి, కొన్నాళ్ళు వాంతులు. దీవి వచ్చింది. మన పడవలు వెళ్ళి వెళ్ళి అక్కడివాళ్ళకి మన మాట కొంత అబ్బింది కాబట్టి ఆ చిక్కు లేదు. వేపిన కొబ్బరిముక్కలమ్మే తిమారి అనే ఆవిడ అసిరమ్మకి తన ఇంట్లో చోటిచ్చి, అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచింది.

ఆ సంతకో కట్టుబాటు ఉంది. వరసగా మూడు సంతలు గంప నిండుగా ఇంటికెళ్తే, చాప ఎత్తెయ్యాల్సిందే. ఆ చోటు ఓడల్లో మూటలు తెచ్చి దింపే పెద్ద వర్తకుడికి పోతుంది. అప్పటికే సగం చాపలు లేచిపోయాయి. తిమారిది వాళ్ళమ్మ కూర్చున్న చాప.

మొదటి సంత. అసిరమ్మ వెళ్ళి చూస్తే చప్పుడే లేదు. అందరూ నోట్లో నీళ్ళు పోసుకున్నట్టు కూర్చున్నారు. "అమ్మకం అంటే ఇదేటి?" అని లేచి నిలబడి, గొంతెత్తి ఒక్క కేక పెట్టింది.

"కొబ్బరోయ్ కొబ్బరీ! వేపిన కొబ్బరోయ్!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. జనం పరుగెత్తుకొచ్చారు. అసిరమ్మ మురిసిపోయింది. వచ్చినవాళ్ళు తిమారిని పట్టుకుని ఏడ్చారు, గంజి తాగించారు, "ఎవరు పోయారమ్మా?" అని అడిగారు. ఆ దీవిలో మనిషి పోతేనే వీధిలో కేక వేస్తారట. చావు ఇంట కొనేదెవరు? గంప నిండుగానే ఇంటికెళ్ళింది.

"పోనీలే తల్లీ, మళ్ళీ సంత ఉంది కదా" అంది అసిరమ్మ.

రెండో సంత. "ధర రెండింతలు చెప్పు. వాళ్ళు సగానికి అడుగుతారు. నువ్వు ఏడుపుమొగం పెట్టి ఇచ్చెయ్" అని నేర్పింది. తిమారి అలాగే చెప్పింది. వచ్చినవాళ్ళు ధర విన్నారు, తల వంచి దణ్ణం పెట్టారు, వెళ్ళిపోయారు. ఒకరు చెప్పిన మాటని తగ్గించమనడం అక్కడ మర్యాద కాదట. గంప నిండుగానే ఇంటికెళ్ళింది.

"పోనీలే తల్లీ, మళ్ళీ సంత ఉంది కదా."

మూడో సంత. ఆ మాట అనడానికి ఇంక వీల్లేదు. తిమారి పొద్దున్నే చాప దులిపి, "అప్పా, సాయంత్రం దీన్ని ఎక్కడ దాచుకోను?" అంది. నేను రాకపోతే రెండు గుప్పెళ్ళైనా అమ్ముకునేది కదా అనుకుంది అసిరమ్మ. నోరు మూసుకుని పక్కన కూర్చుంది.

మధ్యాహ్నానికి ఒక ముసలి జాలరి జాలిపడి ఒక చిప్పెడు కొన్నాడు. తిమారి చిప్ప నింపి, పుల్లతో సమంగా గీసి పోసింది. అసిరమ్మ చెయ్యి ఊరుకోలేదు. ఇన్నేళ్ళ అలవాటు కదా, గంపలోకి వెళ్ళి పిడికెడు తీసి అతని గుడ్డలో వేసేసింది.

"ఇదేంటి? కొలత అయిపోయిందిగా!" అన్నాడు జాలరి.

"కొసరు."

"ఎందుకు?"

ఎందుకని అసిరమ్మనెవరూ ఎప్పుడూ అడగలేదు మరి. "మా ఊళ్ళో ఇయ్యకపోతే తిడతారు బాబూ" అంది.

ముసలాయన ఇబ్బందిగా వెళ్ళాడు. ఉత్తినే వచ్చింది ఇంట్లో ఉంటే ఆ దీవి వాళ్ళకి నిద్ర పట్టదు. ఇచ్చినవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళి ఏదో ఒక మేలు చెయ్యాలి. పొద్దు వాలకముందే తమ్ముణ్ణీ, మరదల్నీ, వియ్యపురాలినీ వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళు కొన్నారు. వాళ్ళకీ తలా పిడికెడు పడింది.

"మళ్ళీ ఇచ్చింది! ఈవిడతో ఎలాగే?" అంది వియ్యపురాలు.

వాళ్ళు వెళ్ళి ఇంకొందర్ని తెచ్చారు. చీకటి పడేసరికి గంప బోర్లించి దులిపినా పలుకు రాలలేదు. తిమారి చాప మీద వెల్లకిలా పడుకుని నవ్వింది.

పై సంత నుంచి ఉప్పు వాళ్ళూ, రొయ్యల వాళ్ళూ, మిరియాల వాళ్ళూ అందరూ కొసరు వేశారు. ఓడల వర్తకుడివి కుట్టేసిన మూటలు. మూటలోంచి పిడికెడు ఎలా తీస్తాడు? లేచిన చాపలు ఒక్కొక్కటే మళ్ళీ పడ్డాయి. సరంగు వచ్చి పిలిచినప్పుడల్లా అసిరమ్మ "ఆ మూల చాప కూడా పడనీ బాబూ" అనేది. అలా అనుకుంటూనే అక్కడే ముసలిదై, అక్కడే పోయింది.

వీధిలో కేక వెయ్యాలి. వెయ్యడానికి అయినవాళ్ళెవరూ లేరు. తిమారి బయటికొచ్చింది. మన ఊరి ఏడుపు ఆమెకి తెలీదు. అసిరమ్మ దగ్గర విన్న కేక ఒక్కటే తెలుసు.

"కొబ్బరోయ్ కొబ్బరీ! వేపిన కొబ్బరోయ్!"

తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఈసారి ఎవరు పోయారని ఎవరూ అడగలేదు. తలా పిడికెడు పట్టుకుని వచ్చారు, ఉప్పు వాళ్ళు ఉప్పు, మిరియాల వాళ్ళు మిరియాలు.

ఇప్పటికీ ఆ సంతలో మొదటి చాప పరిచినవాళ్ళు కేక వేస్తారట, అమ్మేది చేపలైనా సరే, "కొబ్బరోయ్" అనే. కొలత అయ్యాక పిడికెడు వేసి, "ఇది నాది కాదు, అసిరమ్మది" అంటారట. కొన్నవాళ్ళు "మళ్ళీ సంత ఉంది కదా" అని వెళ్తారట.

కథ దీవిలో దిగిపోయింది, మనం మాత్రం ఒడ్డునే ఉన్నాం.