బండ మీద పోసిన నీళ్ళు

అనగా అనగా రాళ్ళమిట్ట అనే ఊరు. ఎప్పటి మాట అని అడక్కండి. మా అవ్వ పుట్టకముందు మాట, వాళ్ళవ్వ కూడా పుట్టకముందు మాట. ఊకొట్టేవాళ్ళు కూర్చోండి, ఆవలించేవాళ్ళు లేచి పోండి.

ఆ ఊళ్ళో బావి లేదు. ఆడవాళ్ళు రెండు కోసులు నడిచి కొండ ఊట నుంచి నీళ్ళు మోసేవాళ్ళు. మగవాళ్ళు తాగేవాళ్ళు.

అరిగిన తిరగళ్ళకు ఉలితో గంట్లు కొట్టి బతికే మారెక్క అనే ముసలిది అక్కడే ఉండేది. ఆమె కోడలు ఓబులక్క పోయిన ఎండాకాలం నిండు కడవతో దారిలో పడి కడుపు పోగొట్టుకుంది. ఇప్పుడు మళ్ళీ ఐదో నెల. మారెక్క ఉలీ గడ్డపారా పట్టుకుని ఇంటి వెనక తవ్వడం మొదలుపెట్టింది. పురిటికి ముందే నీళ్ళు తీస్తానంది.

ఇరుగుపొరుగు సాయానికి వస్తామన్నారు. "నా రెక్కలు చాలు" అంది. ఒకరి సాయం తీసుకుంటే లోకువైపోతానని ఆమె లెక్క. ఊరిపెద్దలూ వచ్చి సలహాలిచ్చిపోయారు. సలహా ఇస్తే చెమట పట్టదు కదా.

మూడు నిలువుల లోతు దిగేసరికి నల్లబండ తగిలింది.

మొదటిసారి ఉలితో కొట్టింది. ఉలి మొన పోయింది. "నా రెక్కలు చాలు" అంది.

రెండోసారి బండ మీద కంపకట్టెలు పేర్చి కాల్చింది. బాగా కాలిన రాయి మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది. తన కడవ కుమ్మరించింది. బండ బుస్సుమని, వెంట్రుకంత గీత పడి ఊరుకుంది. "నా రెక్కలు చాలు" అంది. గొంతు మాత్రం తగ్గింది.

ఓబులక్కకు ఎనిమిదో నెల వచ్చింది.

మూడోసారి బండను మూడురోజులు కాల్చింది. అది చల్లారకముందే ముప్పై కడవలు ఒక్కపెట్టున పడాలి. వెళ్ళి ఊట దారిలో నిలబడింది. ఆడవాళ్ళు వరసగా వస్తున్నారు.

"నా రెక్కలు చాల్లేదు. తలా కడవ పొయ్యండమ్మా" అంది.

ఆడవాళ్ళు కడవల మీద చేతులు బిగించారు. ఆ కడవ పోస్తే ఆ పూట ఇంట్లో పిల్లల గొంతు తడవదు. మళ్ళీ రెండు కోసులు నడవాలి.

పక్కింటి ఈరమ్మ ముందుకొచ్చింది. "ఏం వదినా, మేం వస్తామన్ననాడు నీ మూతి ఎటు తిరిగింది?"

"పెడగా తిరిగింది. ఇప్పుడు నీవైపే ఉంది."

"పోస్తా. నీ ముఖం చూసి కాదు, నీ కోడలి కడుపు చూసి" అని ఈరమ్మ నడిచింది. వెనకే ముప్పై కడవలూ నడిచాయి. అన్నీ ఒక్కసారే వంగాయి. బండ పిడుగు పడ్డట్టు పగిలింది.

ముక్కలు ఎత్తిపోశాక సన్నటి ఊట కనిపించింది. "చంటిపిల్ల ఉచ్చంత ఉంది, దీనికేనా?" అంది ఈరమ్మ. పొద్దుగూకేసరికి ఆ ఊటే మోకాలిదాకా వచ్చింది. నెలలు నిండాక ఓబులక్క ఆడపిల్లను కన్నది. తొలి స్నానం ఆ నీళ్ళతోనే.

బండ పగలగొట్టింది నువ్వేనా అని పొరుగూరివాళ్ళు అడిగితే, "కాల్చింది నేను. పగలగొట్టింది ముప్పై ఇళ్ళ దాహం" అనేదట మారెక్క. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ బావి గట్టునే కూర్చుని, వచ్చిన ప్రతి ఆడదాని కడవకూ ఒక చెయ్యి వేసి తలకెత్తేది.

ఇప్పటికీ ఆ బావి దగ్గర ఎవరూ ఒంటరిగా కడవ ఎత్తుకోరు. ఒంట్లో బలముందని కొత్తకోడలెవరైనా ఎత్తుకుంటే, "దించు. మారెక్క చెయ్యి పడలేదు" అంటారు. దించాల్సిందే. ఇంకొకతె వచ్చి కింద చెయ్యి పెట్టాకే ఆ నీళ్ళు ఇంటికి కదులుతాయి.