నాలుగు జీబీల ఖాళీ

సర్వరులో నడిచే ఏ ప్రోగ్రాం, వాళ్ళ మాటల్లో ప్రాసెస్, అదుపు తప్పినా వీరభద్రం మాస్టారు దాన్ని వెంటనే చంపేవారు కాదు. కుర్చీ ముందుకు జరుపుకొని, అది ఏం చేస్తోందో, ఏ ఫైళ్ళు తెరిచి పెట్టుకుందో పది నిమిషాలు చూసేవారు.

"చచ్చేదాని జాతకం మనకెందుకు మాస్టారూ? ఒక్క కమాండుతో పోతుంది కదా," అని ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కిరణ్మయి ఒకసారి అడిగింది.

"పోతుంది," అన్నారాయన. అంతకుమించి చెప్పలేదు.

కాకినాడలో వాళ్ళ సంస్థ బెస్తల పాటలు సేకరించి వెబ్‌సైటులో ఉంచుతుంది. ఉప్పాడ నుంచి పోలేరమ్మ వచ్చి, చనిపోయిన తండ్రి వల లాగుతూ పాడిన పాటల వీడియో ఇచ్చి వెళ్ళింది. రెండు రోజులకే ఆమె ఫోను సముద్రంలో పడిపోయింది. సంస్థకిచ్చిన కాపీ ఒక్కటే మిగిలింది. సోమవారం వచ్చి తీసుకుంటానని కబురు పెట్టింది.

ఆ సోమవారం మాస్టారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డిస్కు నిండిందని హెచ్చరిక వస్తే, కిరణ్మయి తాత్కాలిక ఫోల్డరులో ఉన్నవన్నీ తీసేసింది. అయినా ఖాళీ పెరగలేదు. పైగా వెబ్‌సర్వరు ప్రాసెస్ ఒకటి గిరగిరా తిరుగుతూ సైటును నిలిపేసింది. మాస్టారి పది నిమిషాలు గుర్తొచ్చి ఆమె నవ్వుకుంది. మారుమాటకు వీలివ్వని కమాండుతో దాన్ని చంపేసింది. సైటు తెరుచుకుంది.

మధ్యాహ్నం మాస్టారు రాగానే ఉత్సాహంగా చెప్పింది. "డిస్కులో నాలుగు జీబీలు కూడా ఖాళీ అయ్యాయి మాస్టారూ."

ఆయన కళ్ళజోడు తుడవడం ఆపారు. "ఫైళ్ళు తీసేసినప్పుడా, ప్రాసెస్ చచ్చాకా?"

"చచ్చాక."

"పోలేరమ్మ వీడియో ఎంత?"

కిరణ్మయి చూడనక్కర్లేదు. దాన్ని ఎక్కించింది తనే. సరిగ్గా నాలుగు జీబీలు.

మాస్టారు మెల్లగా చెప్పారు. ఎక్కించిన వీడియో కుదించేదాకా తాత్కాలిక ఫోల్డరులోనే ఉంటుంది. దాన్ని కుదించి రాయబోయి, చోటు లేక, ఆ ప్రాసెస్ మళ్ళీ మళ్ళీ మొదలుపెడుతూ వచ్చింది. తెరిచి ఉన్న ఫైలును తీసేస్తే పోయేది పేరే. తెరిచిన ప్రాసెస్ బతికున్నంతసేపూ ఫైలు దాని చేతిలోనే ఉంటుంది. చంపేముందైతే దాన్ని అడిగి కాపీ తీసుకోవచ్చు. ఖాళీ అయిన చోట సర్వరు అప్పటికే వేరే ఫైళ్ళు రాసేసింది, వీడియో ఇక తిరిగి రాదు.

"నువ్వు అడిగిన రోజే చెప్పాల్సింది," అన్నారు.

పోలేరమ్మ కవరు విప్పని కొత్త పెన్‌డ్రైవ్‌తో వచ్చింది. జరిగింది కిరణ్మయే చెప్పింది. పోలేరమ్మ కేకలేయలేదు. బల్ల మీద కూర్చుని పెన్‌డ్రైవ్‌ను అటూ ఇటూ తిప్పింది.

"మా అయ్య పాట నాకు సగవే వచ్చు బాబూ," అంది మాస్టారితో. "మిగతాది ఫోన్లో ఉంది గదా అని నేర్సుకోలేదు."

ఆ సగమే, చాలా నెమ్మదిగా, తడుముకుంటూ అందుకుంది. కిరణ్మయి రికార్డరు తేవడానికి పరుగెత్తబోయింది. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"మెల్లగా తే. ఇప్పుడు ఆ పాటను తెరిచి పట్టుకున్నది ఈవిడొక్కతే."