నెమలి ఈకతో కొలిచిన దూరం

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనమామ, పడవ సరంగు అప్పన్న. ఇంకెవరో చెప్పారని మా వీధిలో కొందరంటారు. అననివ్వండి, నోరు వాళ్లది. పిల్లలూ, మధ్యలో ఆవలించకుండా వినండి.

అనగనగా ఒక అడవిలో రెల్లుపట్నం అని పక్షుల పట్నం ఉండేది. ఆ ఏడు వానల్లేక అక్కడి చెరువులన్నీ ఎండి, అడుగున కాసిన్ని నీళ్లే మిగిలాయి. ఇక నిండుగా నీళ్లున్నది ఉప్పుపట్నంలోనే. నీటిపక్షులన్నీ అక్కడికి ఎగిరిపోవాలి. సూరమ్మ అనే గూడబాతుకు మాత్రం ఒకటే దిగులు. దాని పిల్లకు రెక్కలింకా గట్టిపడలేదు. దారిలో మేత చాలకపోతే పిల్ల దక్కదు.

మరి దూరమెంత? అది చెప్పే పెద్దరికం నెమలిది. ఎందుకంటారా? తోక పెద్దది కదా, అందుకు.

నెమలి ఇసుకలో రెండు చుక్కలు పెట్టింది. నడుమ తన ఈక పరిచింది. "ఒక ఈక పొడవు. అంటే ఇరవై ఆమడలు. రెండు రోజుల మేత చాలు" అంది.

ముసలి కొంగ గవరయ్య ఆ దారిన పన్నెండుసార్లు ఎగిరినవాడు. "అయ్యా, నడుమ గద్దలకొండ ఉంది. ఎండిన వాగు వెంట చుట్టి పోవాలి. ఇరవై ఏడు ఆమడలు. మూడు రోజులు పడుతుంది" అన్నాడు.

"ఆకాశంలో మలుపులేమిటోయ్, ముసలాడా?"

"ఆకాశానికి మలుపుల్లేవు బాబూ. గద్దకు గోళ్లున్నాయి."

"నా ఇసుకలో కొండే కనబడలేదే!" అంది నెమలి. పక్షులన్నీ నవ్వాయి. నవ్వక చస్తాయా?

సూరమ్మ చాటుగా కొంగ దగ్గరికెళ్లింది. "తాతా, ఒట్టేసి చెప్పు."

"ఒట్టెందుకమ్మా? నా వీపు చూడు. ఈ గాటు గద్ద పెట్టిందే."

సూరమ్మ మూతి సంచి నిండా మూడు రోజుల చేపలు నింపుకుంది. "ఏమే సూరీ, కాపురమంతా మోసుకెళ్తున్నావా?" అని ప్రయాణానికి సిద్ధమైన పది బాతులు ఎగతాళి చేశాయి.

మొదటి రోజు బాతులు తిన్నగా దూసుకుపోయాయి. రెండో రోజు గద్దలు తరిమితే వెనక్కి తిరిగి, చుట్టుదారి పట్టాయి. మూడో రోజుకి మేత లేదు. పది బయల్దేరితే ఆరే చేరాయి. సూరమ్మ, గవరయ్య వాగు వెంట నింపాదిగా వచ్చారు. ఆఖరి చేప పిల్ల నోట్లో పెట్టాక నీళ్లు కనిపించాయి. పిల్ల గబుక్కున దూకి, మునిగి, తేలింది.

నెమలి ఏమందో తెలుసా? అది రెల్లుపట్నం గట్టునే ఉండిపోయింది, అంత దూరం ఎగరలేదు కదా. కబురు విని, "నా లెక్క తప్పలేదు. వాళ్లకే ఎగరడం రాలేదు" అంది. అక్కడున్నవాళ్లు దానికి దండ వేసి, బండ మీద 'ఇరవై ఆమడలు' అని చెక్కించారు.

నీతి: ఎగరనివాడు చెప్పిన దూరానికి మేత కట్టుకుంటే, ప్రాణం సగం దారిలోనే దిగిపోతుంది.

ఆ బండ మీద అంకె ఇంకా అలాగే ఉంది. నాకు రాత అంతంతమాత్రం. రాయడమొచ్చిన పుణ్యాత్ములెవరైనా వెళ్లి ఇరవై ఏడని దిద్దండి. కింద గవరయ్య పేరు కూడా రాయండి.