చిలకల కాపలా

ఎవరైనా ప్రశ్న అడిగితే పరాంకుశం మాస్టారు ముందు వాళ్లకేదో పని చెప్పేవారు. జవాబు ఆ పని చివర ఎక్కడో దొరికేది. ఒక్కోసారి దొరికేది కాదు.

ఆయన శిష్యురాలు ఇందుమతిది చిన్న ప్రశ్న కాదు. కొండవాలులో ఆమె పాతిన సెన్సర్లు మట్టి కదలికను పసిగట్టి, రేడియోతో ఒకదానికొకటి కబురందించుకుని, కింది గూడేన్ని హెచ్చరించాలి. పోయినేడు భయంకొద్దీ అన్నిటినీ రేయింబవళ్లు మేలుకొలిపే ఉంచింది. తుపాను వానలు సగంలో ఉండగానే బ్యాటరీలన్నీ అయిపోయాయి. గూడెం బతికింది అదృష్టం కొద్దీ. ఈసారి వాటిని వంతులవారీగా నిద్రపుచ్చమంటున్నారు తోటివాళ్లు.

"కొండ కదిలిన ఆ క్షణంలోనే సెన్సరు నిద్రపోతుంటే, మాస్టారూ?" అంది. అంటూనే ఫోను తీసి చూసుకుంది. పిల్లలిద్దరూ ఎక్కడో దూరాన హాస్టల్లో ఉన్నారు. పొద్దుటినుంచి ఎన్నిసార్లు ఫోను చేసిందో ఆమెకే తెలియదు.

"రేపు మా జొన్నచేనికి కాపలా ఉండు," అన్నారు మాస్టారు.

చేనికి నాలుగు మూలలా మంచెలు, వాటిని కలుపుతూ డబ్బాలు కట్టిన తాడు. ఏ మంచె ఎక్కినా చేనంతా కనిపిస్తుంది. ఒకరు మేలుకుంటే చాలు, ముగ్గురు కునుకు తీయవచ్చు. చిలకలు వాలితే తాడు లాగాలి. నలుగురూ లేచి కేకలేయాలి.

తొలి వంతు ఇందుమతిది. ఆకు కదిలినా లాగింది. కాకి దాటినా లాగింది. మిగతా ముగ్గురు శిష్యులూ ఉలిక్కిపడి లేచి అరవడం, మళ్లీ ఒరగడం. తన వంతు అయిపోయినా ఆమె కాపలా ఇంకొకరికి అప్పగించలేదు, తాడు వదల్లేదు.

"అక్కా, చిలకల సంగతేమో గానీ నీ తాడుకే దడుచుకు చస్తున్నాం!" అన్నాడు పక్క మంచె మీది జోజిబాబు.

"పంట పోతే నీదా పూచీ?" అని గదిమింది.

మధ్యాహ్నం చిలకలు దిగాయి, గుంపులు గుంపులుగా. ఇందుమతి బలమంతా పెట్టి లాగింది. డబ్బాలు గణగణ మోగాయి. ఎవరూ లేవలేదు.

"మళ్లీ కాకే," అని జోజిబాబు అటు తిరిగి పడుకున్నాడు.

అరవబోయింది. పొద్దుటినుంచీ అరిచిన గొంతు పెగల్లేదు. తూర్పు మూల కంకులు ఒలుచుకుని, చిలకలు తాపీగా లేచిపోయాయి.

మాస్టారు గట్టుమీద నుంచి చూస్తూనే ఉన్నారు. ఆమె దిగివచ్చింది. అలవాటుగా ఫోను తీసింది. వేలు హాస్టలు నంబరు మీదికి పోయింది.

"కొండ దగ్గరికి రేపు వెళ్దాం," అన్నారు మాస్టారు. "ముందు ఆ ఫోన్ని కాసేపు పడుకోనివ్వమ్మా. అవసరం వస్తే పిల్లలు లాగాల్సిన తాడు అదే కదా."