తవిటమ్మ గోడలో ఊక

ఎప్పుడంటే చెప్పలేను, ఎక్కడంటే చూపలేను. సముద్రం పక్కన ఒక ఊరుండేది. అక్కడ వాన పట్టిందంటే వదిలేది కాదు. ఆ ఊళ్ళో తవిటమ్మ అందరి వడ్లూ దంచి బతికేది. బియ్యం ఇంటివాళ్ళు తీసుకుపోయేవారు. ఊక మాత్రం ఆవిడకి మిగిలేది.

ఆవిడ కూతురు గున్నమ్మ మొదటి కాన్పుకి పుట్టింటికొచ్చింది. గోడ చెమ్మెక్కింది, పిల్ల వణికింది, వానాకాలం దాటలేదు. రెండో కాన్పుకొచ్చింది. గోడ చెమ్మెక్కింది, పిల్ల వణికింది, వానాకాలం దాటలేదు. మూడోసారి కడుపుతో వచ్చేసరికి తవిటమ్మ ఏం చెయ్యాలో చెప్పమని ఊరంతా అడిగింది.

"దిష్టే" అన్నారొకరు. గుమ్మడికాయ కట్టింది. చెమ్మ పోలేదు. "గుమ్మం తప్పే" అన్నారింకొకరు. గుమ్మం మార్చింది. చెమ్మ పోలేదు. "పోయిన గుంటలే, నీ మనవరాళ్ళే గోడలో ఏడుస్తన్నారే" అన్నారు మరొకరు. పాపం, తవిటమ్మ గోడకి చెవి ఆనించి రోజంతా కూర్చుంది. ఏమీ వినబడలేదు. ఇంకా అయోమయంలో పడింది.

మూడో పిల్ల పుట్టింది. వానలో ఊక పారబొయ్యడానికి చోటు లేక తవిటమ్మ ఒక గోడవారగా ఇంట్లోనే పోసింది. ఉయ్యాల మిగతా గోడల పక్కనుంటే పిల్ల ఏడ్చేది. ఊక పక్కకి జరిపితే నిద్రపోయేది. అటు జరిపి చూసింది, ఇటు జరిపి చూసింది, మళ్ళీ అటు జరిపింది. అంతే, కొత్త గోడలకని మట్టి తొక్కడం మొదలెట్టింది.

జల్లు కొట్టకుండా చూరు బాగా కిందికి దించింది. పాత గోడలకి లోపలగా రాళ్ళు పరిచి, వాటిమీద పలచటి గోడలు లేపింది. రెంటి నడుమా ఊక కూరింది.

"ఏటే తవిటమ్మా, ఒక్కింటికి రెండేసి గోడలేటి? మజ్జిన ఊకేటి?" అంది పక్కింటావిడ.

"ఏటో అప్పా, నాకూ తెల్దు. గుంట వనకడం మానేసింది. సాలదేటి?"

పిల్ల వానాకాలం దాటింది. ఎండాకాలంలో తవిటమ్మ పోయింది.

ఊరికి అనుమానమొచ్చింది. ఊక దాచడానికి ఎవరైనా గోడ కడతారా? బంగారమే అయ్యుంటుంది! గున్నమ్మ వద్దు వద్దంటున్నా పలుగులతో వచ్చి గోడకి కన్నం పెట్టారు. ఊక. ఇంకోచోట తవ్వారు. ఊక. మరోచోట తవ్వారు. అక్కడా ఊకే.

ఇంతలో వాన పట్టింది. కన్నాల్లోంచి గాలి కొట్టింది. ఉయ్యాలలో పిల్ల వణికింది.

గున్నమ్మ కింద కూర్చుని రెండు చేతులా ఊక ఎత్తి కన్నంలో కూరడం మొదలెట్టింది. సిగ్గేసింది అందరికీ. పలుగులు పడేసి తలో గుప్పెడూ కూరారు, మట్టి మెత్తారు. పిల్ల వణకడం మానింది.

ఇప్పటికీ ఆ వైపు ఎవరు ఇల్లు కట్టినా గోడ రెండు వరసలు లేపుతారు. వచ్చినవాళ్ళంతా నడుమ తలో గుప్పెడు ఊక వేస్తారు. ఎందుకని అడిగితే "తవిటమ్మకే తెలుసు" అంటారు. ఆవిడకీ తెలీదర్రా అంటే నా మాట ఎవరు వింటారు! ఊక వేశాక ఇంటి పెద్దావిడ గోడకి చెవి ఆనించి కూర్చుంటుంది. ఏ పిల్ల ఏడుపూ వినబడకపోతే, అప్పుడు ఉయ్యాల కడతారు.